ముక్కు మెచ్చిన ఇల్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో ఒకటి రెండు చోట్ల తారుమారు కావచ్చు. ఈమధ్య నాకు అలా అవుతోంది. అయితే ఇది ఇంకా రాని కాలపు కథ. తేదీ తప్పిందని ఎవరూ పట్టుకోలేరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

మీటింగుతో మొదలుపెడతాను. నాకు అది బాగా గుర్తుంది.

కాకినాడలో సముద్రం గాలి తగిలేలా కట్టిన ఒక పెద్ద భవనం, నాలుగో అంతస్తు, గుడ్డు ఆకారంలో బల్ల. బల్ల చుట్టూ ఏడుగురు. వాళ్ళే సంరక్షణ గృహాల నియంత్రణ మండలి. ముసలివాళ్ళను చేర్చుకుని చూసుకునే ప్రతి గృహానికీ లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ, తప్పు చేస్తే మూయించేదీ ఈ మండలే. గోడ మీద తెర నిండా గృహాల పేర్లు, పక్కన మార్కులు వెలుగుతున్నాయి.

అధ్యక్షులు దండు విశ్వపతిరాజు గారికి డెబ్భై నాలుగేళ్ళు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి గంటకోసారి “టీ విరామం” అని ప్రకటించి, టీ ముట్టుకోకుండా బయటికి వెళ్ళొస్తుంటారు. అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు.

“తీరం గృహం, పోయిన వారం మార్కులు తొంభై ఏడు,” అని చదివారాయన. “జిల్లాలో ఇదే మొదటి స్థానం.”

చప్పట్లు మోగాయి. పేరిందేవి మాత్రం చప్పట్లు కొట్టకుండా చెయ్యెత్తింది. సర్కారు ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి హెడ్ నర్సుగా దిగింది ఆవిడ. మండలిలో ప్రజల తరఫు సభ్యురాలు. పక్కన గుడ్డ సంచీ, సంచీలో పొడుగాటి నోటుబుక్కు ఎప్పుడూ ఉంటాయి. డెబ్భై ఒకటో ఏడు వచ్చాక మరుపు మొదలైంది. దానికి భయపడి, వార్డులో కేసు షీటు రాసినట్టు ప్రతిదీ రాసుకుంటోంది.

“చెప్పండి పేరిందేవి గారూ.”

“ఆ తీరం గృహంలో నిన్న నేను చూసింది ఏంటంటే...”

“ఒక్క నిమిషం మేడమ్,” అని ఆపింది కార్యదర్శి మెహరున్నీసా. నియమావళి పుస్తకం తెరవకుండానే పేజీ నంబరు చెప్పగల మనిషి. “మీ అక్కగారు ఆ గృహంలో ఉంటున్నట్టు మీరే ప్రకటించారు. పదకొండో నియమం ప్రకారం ఆ గృహం ప్రస్తావన వచ్చినప్పుడు మీరు బయట కూర్చోవాలి.”

“నేను పొగడబోవడం లేదమ్మా. తిట్టబోతున్నాను.”

“తిట్టినా పొగిడినా నియమం ఒకటేనండి.”

రాజు గారు ఇబ్బందిగా నవ్వారు. పేరిందేవి సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. బెంచీ పక్కనే మంచినీళ్ళ మిషను. వచ్చేపోయే ఉద్యోగులు గ్లాసులు నింపుకుంటుంటే గడగడమని చప్పుడు. ఆ చప్పుడు వింటుంటే ఆవిడకి లోపల మండిపోయింది.

నీళ్ళ చప్పుడికి మంట ఎందుకో తెలియాలంటే నిన్నటి సంగతి చెప్పాలి. దానికన్నా ముందు ముక్కు సంగతి చెప్పాలి.

ముక్కు అంటే గోడకి తగిలించే తెల్లటి పెట్టె. టిఫిన్ డబ్బా మూత అంత ఉంటుంది. దాని అసలు పేరు ఎలక్ట్రానిక్ నోస్. లోపల ముప్ఫై రెండు చిన్న పలకలుంటాయి. ఒక్కో పలకకీ ఒక్కో పదార్థం పూత. గాల్లో తిరిగే వాసన అణువులు ఆ పూతకి అంటుకుంటే పలక గుండా పోయే కరెంటు కాస్త మారుతుంది. ఒక పలక అమ్మోనియాకి ఎక్కువ స్పందిస్తుంది, ఒకటి చీముకి, ఒకటి పాచిపోయిన అన్నానికి, ఇలాగ. ఆ ముప్ఫై రెండు అంకెలూ కలిపితే ఒక ముగ్గు లాంటిది ఏర్పడుతుంది. వంటింట్లోకి వెళ్ళకుండానే తిరగమోత వాసన పట్టి “ఇవాళ చారు” అని మనం చెప్పేస్తాం చూడండి, అలాగే ఆ ముగ్గుని చూసి కంప్యూటర్ “ఇది మంచి గృహం, ఇది చెడ్డ గృహం” అని మార్కులు వేస్తుంది. అయితే చారు వాసన మనకి ఎవరో ఒకరు చిన్నప్పుడు నేర్పి ఉంటారు. ముక్కుకి కూడా అలాగే ముందు నేర్పాలి.

అరవై కన్నా తగ్గితే నోటీసు. మూడు వారాలు వరసగా నలభై కన్నా తగ్గితే లైసెన్సు రద్దు. ముక్కు వచ్చాక మండలి సభ్యులు ఊళ్ళు తిరగడం మానేశారు. కళ్ళని మోసం చెయ్యొచ్చు గాని ముక్కుని మోసం చెయ్యలేరని రాజు గారు ప్రతి సభలోనూ అనేవారు.

ఇక నిన్నటి సంగతి.

తీరం చిన్న గృహం. పన్నెండు మంచాలు, ఇద్దరు పనివాళ్ళు. తొమ్మిదో మంచం మీద పేరిందేవి అక్క మంగతాయారు. టెలిఫోన్లకి తీగలుండే రోజుల్లో ఆవిడ సామర్లకోట ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊళ్ళో ప్రతి ఫోను నంబరూ నోటికొచ్చు. ఆ ఫోన్లూ పోయాయి, ఎక్స్ఛేంజీ పోయింది, నంబర్లు మాత్రం ఆవిడ బుర్రలో ఉండిపోయాయి. చెల్లెలు వచ్చినప్పుడల్లా పరీక్ష పెట్టించుకుని, అన్నీ సరిగ్గా చెప్పి, “నీకంటే నాకే నయమే” అని వెక్కిరించేది.

“అక్కా, రైసుమిల్లు నంబరెంత?”

మంగతాయారు కళ్ళు తెరిచింది. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. “ఎవరు మాట్లాడేది?” అంది.

“నేనే, పేరిని.”

“పేరి స్కూలుకెళ్ళింది.”

పేరిందేవి అక్క మెడ కింద ఎముక దగ్గర చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ముసలి చేతుల మీద తోలు ఎలాగూ సాగే ఉంటుంది, అక్కడ చూసి లాభం లేదు. మెడ కింద పట్టిన మడత అలాగే నిలబడిపోయింది, ఒంట్లో నీరు లేదు. మంచం పక్కన మరచెంబు లేదు. ఏ మంచం పక్కనా లేదు. కిటికీ పక్క మంచం మీద త్రిమూర్తులు గారు పలకని రేడియోని చెవి దగ్గర పెట్టుకుని నాలికతో పెదాలు తడుపుకుంటున్నారు. మూడో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది.

“సత్యవేణీ! నీళ్ళేవి?”

వార్డెన్ సత్యవేణి చీపురు పక్కన పెట్టి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఎదురుగా ఉన్నది మండలి సభ్యురాలని ఆవిడకి తెలుసు. “మధ్యాహ్నం రెండు దాటాక నీళ్ళివ్వమండి,” అంది.

“ఎందుకివ్వరు?”

“తాగితే పోస్తారండి. పోస్తే పక్క తడుస్తదండి. నేను మార్చేలోపే అది పసిగట్టేస్తదండి.” గోడ మీద ముక్కు వైపు గెడ్డంతో చూపించింది. పచ్చ దీపం వెలుగుతోంది. “మేమిద్దరం, వీళ్ళు పన్నెండుగురు. ఎంతకని మారుస్తామండి? సాంబ్రాణి వేస్తే వాసన దాస్తున్నామని ఇంకో పది తీసేస్తది. ముందు మజ్జిగ మానేశాం. తర్వాత మధ్యాహ్నం టీ. ఇప్పుడు నీళ్ళు.”

“నాకే చెబుతున్నావా ఈ మాట?”

“మీకే చెబుతున్నానండి. సిస్టరమ్మ గారు మీరు, పక్కలు మార్చిన చేతులు. మీకు కాకపోతే ఎవరికి చెప్పమంటారు? ఓనరు గారు మార్కులడుగుతారు. మార్కు తగ్గితే నోటీసొస్తది. ఆ నోటీసు కింద మీ సంతకం కూడా ఉంటదండి.”

పేరిందేవి మడతపెట్టిన దుప్పటి వైపు తిరిగింది. “మూడో మంచం ఎవరిది?” అంది.

“చిట్టెమ్మ గారిదండి. ఆవిడకి ఆపుకోవడం కుదరదు కదా. సోమవారం వ్యాను ఎక్కించేశారు.”

“ఎక్కడికి?”

“లైసెన్సు లేని చోటికండి. అక్కడ ముక్కుండదు.”

పేరిందేవి నోటుబుక్కు తీసి చిట్టెమ్మ పేరు రాసుకుంది. మిగతా మంచాల పేర్లు కూడా అడిగి వరసగా రాసింది. తర్వాత తానే వంటగదిలోకి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చి పన్నెండో మంచం దాకా గ్లాసులు అందించింది. మంగతాయారు నాలుగు గ్లాసులు తాగింది. గంటన్నర తర్వాత పచ్చ దీపం పసుపయింది. సత్యవేణి ముఖం కూడా దీపం రంగుకే తిరిగింది.

ఇదీ నిన్నటి సంగతి. ఇది చెప్పబోతేనే ఆవిణ్ణి బయట కూర్చోబెట్టారు.

మీటింగు అయిపోయింది. పేరిందేవి మాత్రం ఇంటికి వెళ్ళలేదు. మెట్లు దిగి రెండో అంతస్తులో ల్యాబ్‌కి వెళ్ళింది. ముక్కుని తయారుచేసిన డాక్టర్ హేమచంద్ర అక్కడ ఒక పెట్టె విప్పి పలకలు తుడుస్తున్నాడు. నెమ్మదస్తుడు. పెద్దవాళ్ళొస్తే లేచి నిలబడతాడు.

“కూర్చో బాబూ. ఒకటే మాట అడుగుతాను. మంచి గృహం వాసన ఇలా ఉంటుందని దీనికి ఎవరు చెప్పారు?”

“మీరేనండి.”

“నేనా?”

“మండలి అండి. చెడ్డ వాసనలకి కరువు లేదు, ఫిర్యాదులొచ్చిన గృహాల్లో తీసుకున్నాం. మంచివి కావాలంటే ఏది మంచిదో నేను నిర్ణయించకూడదు కదండీ. మండలి స్వయంగా తనిఖీ చేసి, బాగుందని సంతకాలు పెట్టిన పన్నెండు గృహాల్లో, తనిఖీ జరిగిన రోజునే గాలి పట్టాం. సర్టిఫికెట్లున్నాయి. చూస్తారా?”

చూసింది. పన్నెండు కాగితాలు, ఒక్కోదాని కింద ఏడు సంతకాలు. ఆఖరి సంతకం తనదే. ఆ తనిఖీల్లో ఒక్కటీ ఆవిడకి సరిగా గుర్తు రాలేదు. కార్లలో వెళ్ళడం, దండలు వేయించుకోవడం, కాజాలు తినడం మాత్రం లీలగా గుర్తుంది. తనిఖీకి వస్తున్నామని వారం ముందే ఉత్తరం రాయడం మండలి ఆనవాయితీ. చెప్పాపెట్టకుండా వెళ్ళడం మర్యాద కాదనేవారు రాజు గారు.

ఆవిడ నోటుబుక్కులో పాత పేజీలు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని చదివింది.

“ఏప్రిల్ పద్దెనిమిది. పిఠాపురం దారిలో గృహం. కాజాలు బాగున్నాయి. తెల్ల దుప్పట్లు. గాలి శుభ్రం. నివాసితులు వనభోజనాలకు వెళ్ళారు.”

ఇంకో పేజీ. “మే తొమ్మిది. తుని. ప్రారంభోత్సవం, తనిఖీ ఒకేరోజు. రిబ్బన్ రాజు గారు కత్తిరించారు. చేరేవాళ్ళు సోమవారం నుంచి వస్తారట.”

మరో పేజీ. “మే ఇరవై ఎనిమిది. సామర్లకోట. ఎండ భరించలేకుండా ఉంది. నివాసితులు వనభోజనాలకు వెళ్ళారు.”

చదవడం ఆపింది. “బాబూ, కార్తీకమాసంలో కదా వనభోజనాలు?”

“అవునండి.”

“రోహిణీకార్తెలో, మంచం దిగలేని వాళ్ళని తీసుకుని ఏ వనానికి వెళ్ళారంటావు?”

హేమచంద్ర తుడుస్తున్న పలక బల్ల మీద పెట్టేశాడు. కంప్యూటర్ ముందు కూర్చుని పన్నెండు శాంపిల్స్ ఒకదాని మీద ఒకటి వేసి చూశాడు. తెర మీద ముగ్గులన్నీ ఒకలాగే ఉన్నాయి. ఫినాయిల్, సున్నం, కొత్త దుప్పట్లు. ఊపిరి లేదు, చెమట లేదు, నొప్పుల నూనె లేదు.

“వీటిలో ఎక్కడా మనిషి లేడండి,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

“ముసలివాళ్ళు లేని ఇల్లే మంచి ఇల్లని నేర్పాం దానికి. అది బుద్ధిగా నేర్చుకుంది.”

“మళ్ళీ నేర్పొచ్చండి. వారం రోజులు చాలు. కాకపోతే ఒక మంచి శాంపిల్ కావాలి. మనుషులున్నది, నిజంగా బాగా చూసుకుంటున్నది. దానికి మండలి తీర్మానం కూడా కావాలి.”

తీర్మానం కావాలంటే మీటింగులో మాట్లాడాలి. మాట్లాడాలంటే అక్క ఆ గృహంలో ఉండకూడదు. పేరిందేవి మర్నాడు పొద్దున్నే ఆటో కట్టించుకుని వెళ్ళి మంగతాయారుని జగన్నాథపురం వంతెన అవతల ఉన్న తన రెండు గదుల ఇంటికి తెచ్చేసింది. వెళ్ళేటప్పటికి ఆరో మంచం కూడా ఖాళీ అయింది. నీళ్ళిచ్చిన రోజు మార్కులు పడిపోయాయట.

గంటకో గ్లాసు లెక్కన నీళ్ళు. ఒకసారి బార్లీ, ఒకసారి పల్చటి మజ్జిగ, ఒకసారి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. ఎంత తాగింది, ఎంత పోసింది, అన్నీ నోటుబుక్కులో. రాత్రికి రెండుసార్లు పక్క మార్చడం. నడుము పట్టేసింది. నాలుగో రోజు పొద్దున కాఫీ కలుపుతుంటే మంచం మీంచి గొంతు వినిపించింది.

“రైసుమిల్లు నలభై రెండు. కరణం గారిల్లు పదిహేడు. స్టేషన్ మాస్టరు ఆరు.”

పేరిందేవి గరిట పట్టుకునే వచ్చేసింది. “అక్కా!”

“ఏమే, ఇన్నాళ్ళూ ఎక్కడ తగలడ్డావు? అక్కడ గుక్కెడు నీళ్ళకి మొహం వాచిపోయాను. నువ్వేమో పెద్ద మెంబరువి!”

“అవునక్కా. నేనే మెంబర్ని,” అని పేరిందేవి అక్క పాదాల దగ్గర కూలబడింది.

తర్వాతి మీటింగులో ఆవిణ్ణి ఎవరూ బయటికి పంపలేకపోయారు. అంతా చెప్పింది. నీళ్ళు, వ్యాన్లు, వనభోజనాలు. పన్నెండు సర్టిఫికెట్లూ బల్ల మీద పరిచింది. హేమచంద్ర నిలబడి, “మేడమ్ చెప్పింది నిజమేనండి. తప్పు నాది కూడా,” అన్నాడు.

గృహాల యజమానుల తరఫు సభ్యుడు గ్రంధి వీరభద్రం ముందు తేరుకున్నాడు.

“అంటే ఏంటండీ, రెండేళ్ళుగా మనం మూయించినవన్నీ తప్పుగా మూయించామనా? మెచ్చుకున్నవన్నీ తప్పుగా మెచ్చుకున్నామనా? ఈ మాట బయటికెళ్తే మనం ఊళ్ళో తిరగ్గలమా?”

“బయటికెళ్ళడం గురించి కాదు వీరభద్రం గారూ. అక్కడ నాలికలెండిపోతున్నాయి.”

“ఎండకాలమమ్మా.”

“మీ నాలిక బాగానే ఆడుతోందిగా!”

“ఆగండి, ఆగండి,” అన్నారు రాజు గారు. ఆయన ముఖం నిజంగానే పాలిపోయింది. “ముక్కుకి కొత్తగా నేర్పిద్దాం. పేరిందేవి గారింట్లో అక్కగారు కోలుకున్నారంటున్నారు కదా. ఆ ఇంటినే మంచి శాంపిల్‌గా తీసుకుందాం. అభ్యంతరం ఉందా?”

ఎవరికీ లేదు. పేరిందేవికి రెండేళ్ళలో మొదటిసారి ఆ బల్ల దగ్గర ఊపిరి ఆడింది.

హేమచంద్ర తానే వచ్చి ఇంట్లో ముక్కు బిగించాడు. వారం ఉంచాడు. ఆ వారమంతా ఆవిడ దేనికీ దాపరికం చెయ్యలేదు. చేపల పులుసు వండింది, అక్క మోకాళ్ళకి నూనె రాసింది, తడిసిన దుప్పట్లు ఉతికి వసారాలో ఆరేసింది. మంగతాయారు ముక్కుకి ఎదురుగా కూర్చుని, “ఏం చూస్తావురా వెధవా, మీ ఇంట్లో ముసలివాళ్ళు లేరా?” అని తిడుతూ మజ్జిగ తాగింది.

మార్కులు ఇరవై మూడు వచ్చాయి.

“ఫరవాలేదండి,” అన్నాడు హేమచంద్ర. “ఇరవై మూడు రావడమే మనకి కావాలి. దీన్ని చూపించి, ఒరేయ్, ఇదే నూరు అని నేర్పిస్తాను.”

కాని మెహరున్నీసా నియమావళి తెరిచింది. ఈసారి ఆవిడ కూడా సంతోషంగా లేదు. “ఇరవై ఏడో నియమం అండి. అరవై మార్కులు దాటిన చోటునే మంచి శాంపిల్‌గా తీసుకోవాలి.”

“ఎవరు పెట్టారమ్మా అంత తెలివితక్కువ నియమం?” అని పేరిందేవి బల్ల గుద్దింది.

కార్యదర్శి పాత మినిట్స్ పుస్తకం ఆవిడ వైపు తిప్పింది. ‘చెడ్డ గృహాల వాళ్ళు పలుకుబడితో మంచి జాబితాలోకి దూరకుండా ఈ నియమం అవసరం. ప్రతిపాదించినవారు: శ్రీమతి పేరిందేవి.’

ఆవిడ ఆ వాక్యం మూడుసార్లు చదివింది. మాటల తీరు తనదే. ఆవేశం కూడా తనదే. ఆ మాట అన్న గుర్తు మాత్రం లేదు. సంచీలో చెయ్యి పెట్టి నోటుబుక్కు తడిమింది గాని బయటికి తియ్యలేదు.

“అయితే ఈ నియమం మార్చుదాం,” అంది.

“నియమం మార్చాలంటే రెండు నెలల నోటీసివ్వాలి మేడమ్. తర్వాత ఉపసంఘం.”

“రెండు నెలల్లో ఆ మంచాల మీద ఎంతమంది మిగులుతారు?”

రాజు గారు టీ విరామం ప్రకటించి గబగబా బయటికి వెళ్ళారు.

అక్కడితో అయిపోలేదు. ముక్కు బిగించినప్పుడే పేరిందేవి ఇల్లు మండలి జాబితాలోకి ఎక్కేసింది. జాబితాలో ఉన్న చోటికి మార్కులు తగ్గితే కంప్యూటర్ తనంతట తానే ఫోను చేస్తుంది. మంగతాయారు స్పీకర్లో పెట్టి తీసింది.

“మీ ఇంటి సంరక్షణ స్థాయి ఇరవై మూడు,” అంది తియ్యటి ఆడగొంతు. “నివాసితురాలిని పదిహేను రోజుల్లో సమీపంలోని ఉత్తమ గృహానికి మార్చవలెను. సమీప ఉత్తమ గృహం తీరం. దాని ప్రస్తుత మార్కులు నూరు.”

మంగతాయారు వీపు నిటారు చేసింది. నలభై ఏళ్ళ కిందటి గొంతు ఎక్కడ్నుంచో తెచ్చుకుని, “మీరు కోరిన నంబరు పలకడం లేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించకండి,” అని పెట్టేసింది. పెట్టేసి చెల్లెలి వైపు చూసి, “మా రోజుల్లో ఆపరేటరంటే మనిషే. ఎవరికి కలపాలో ఎవరికి కలపకూడదో తెలిసేది,” అంది.

పేరిందేవి నవ్వలేదు. ‘నూరు’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మనుషులుండగా నూరు ఎలా వస్తుంది?

నూరు వచ్చిన మొదటి గృహానికి మండలి షీల్డు ఇవ్వాలని ఎప్పుడో తీర్మానం ఉంది. వారం ముందు ఉత్తరం రాసి, ఏడుగురూ కార్లలో తీరానికి వెళ్ళారు. వాకిట్లో మామిడాకులు. లోపల పన్నెండు మంచాలు, పన్నెండు తెల్ల దుప్పట్లు. ఒక్క ముడత లేదు. బల్ల మీద కాజాలు. గోడ మీద పచ్చ దీపం, దాని కింద నూరు అన్న అంకె.

“నివాసితులేరి?” అని అడిగారు రాజు గారు.

సత్యవేణి వాళ్ళెవరినీ చూడలేదు. పేరిందేవిని చూస్తూ చెప్పింది. “వనభోజనాలకు వెళ్ళారండి.”

రాజు గారి చేతిలో కాజా చేతిలోనే ఉండిపోయింది. ఫొటో తీసేవాడు మాత్రం, “అందరూ కాస్త మంచాల మధ్యకి రండి సార్,” అంటున్నాడు.

వచ్చారు. సర్దుకుని నిలబడేసరికి కొంత ఆలస్యమైంది. ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడికే అరవై రెండేళ్ళు. ఒకరికి మోకాళ్ళ నూనె, ఒకరికి కాలి పుండు, రాజు గారికి గంట దాటింది. పచ్చ దీపం మినుక్కుమంది. నూరు తొంభై ఆరయింది. చూస్తుండగానే తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది.

“సార్, సార్!” అని గ్రంధి వీరభద్రం కంగారుపడ్డాడు. “అంకె ఫొటోలో పడాలండి. మనం కాస్త బయట నిలబడితే...”

అందరూ రాజు గారి వైపు చూశారు. ఆయన గోడ మీది ముక్కు వైపు చూశారు. అది తననే పసిగట్టిందని ఆయనకి అర్థమయింది. చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని అందరికన్నా ముందు ఆయనే బయటికి నడిచారు. వెనకాలే మిగతావాళ్ళు. ఖాళీ హాల్లో అంకె మళ్ళీ మెల్లగా పైకెక్కింది. ఫొటో గుమ్మంలోంచి తీశారు. అందులో పన్నెండు మంచాలూ ఒక షీల్డూ ఉన్నాయి.

పేరిందేవి బయటికి వెళ్ళలేదు. తొమ్మిదో మంచం మీద, తెల్ల దుప్పటి నలిగేలా కూర్చుంది.

“సత్యవేణీ, మంచినీళ్ళు ఇవ్వమ్మా.”

చెంబు నిండా తెచ్చిచ్చింది. గటగటా తాగి, నోటుబుక్కు తెరిచి, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి వినిపించేలా పేర్లు చదవడం మొదలుపెట్టింది. తన అక్క కాక మిగిలిన పదకొండుగురి పేర్లు. మెహరున్నీసా ఎజెండా కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీసింది.

“ఇది ఎజెండాలో లేదు కదమ్మా,” అంది పేరిందేవి.

“లేదండి. మీరు చదవండి, రాసుకుంటున్నాను.”

ఆవిడ చదివిన పేర్లు ఇవి: చిట్టెమ్మ, రాజరత్నం, ఖాదర్ బీ, పోలయ్య, అప్పలనర్సమ్మ, దేవసహాయం మాస్టారు, కాసులమ్మ, వీరరాఘవమ్మ, సింహాద్రి, లోవరాజు.

అమ్మాయ్ శ్రీవల్లీ, కథ పత్రికకి పంపేముందు ఈ పేర్లు ఒకసారి సరిచూడు తల్లీ. పదకొండుగురని రాశాను, రెండుసార్లు లెక్కపెట్టినా పదిమందే వస్తున్నారు. కిటికీ పక్క మంచం మీద రేడియో పట్టుకుని ఉండే ఆయన కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నాడు. పేరే రావడం లేదు. పైన ఎక్కడో రాశాను. వెతికి చేర్చు. ఆయన్ని మాత్రం వదిలెయ్యకు.